ఏటి తుపాకి

ఆ ఆదివారం పొద్దున్న వంశధారలో దిగేటప్పటికి నగరేశ్వరరావు దగ్గరున్న సరుకు ఇంతే: మడుగు అడుగు దాకా పోయి రావడానికి సరిపడే ఊపిరి, రేవుపేట బజారులో తాళ్ల కొట్టు, అటు పోలీసులతోనూ ఇటు కొండల్లో తిరిగేవాళ్లతోనూ ఏ లావాదేవీ లేని పేరు. ఆ యేడు శ్రీకాకుళం జిల్లాలో ఊపిరీ కొట్టూ చాలామందికి ఉండేవి. మూడోది ఉన్నవాళ్లు తక్కువ. అందుకని ఆయన దాన్నే ఎక్కువ కాపాడుకునేవాడు. కొట్టు ముందు ఎవరైనా ఆ ఊసులు మొదలుపెడితే తల ఎత్తకుండా తాడు కొలుస్తూ ఉండిపోయేవాడు.

ఆయనకున్న సరదా ఒక్కటే, నీళ్లలో మునగడం. ఆదివారాలు కొట్టు తెరవకముందు పాత రేవు మెట్ల దగ్గర మడుగులోకి దిగేవాడు. సాలూరు నుంచి లారీ తిప్పే బంగారురాజు సరుకు దింపి ఊళ్లో ఉండిపోతే అతనూ కలిసేవాడు. ఇత్తడి చెంబొకటి లోతులోకి విసిరి ఎవరు ముందు తెస్తారో చూసుకునేవారు. ఓడినవాడు హోటల్లో పెసరట్టు పెట్టించాలి. నలభై దాటిన షావుకారు గుంటడిలా మునకలేస్తున్నాడని రేవులో బట్టలుతికే ఆడవాళ్లకి నవ్వులాట. "బాబూ, కింద మీ కొట్టుకి సరుకేటైనా దొరికిందేటి?" అని అరిచేవారు.

ఆ రోజు చెంబు చివరి మెట్టు దాటి దొర్లిపోయింది. ఫాల్గుణం వచ్చేసరికి బురదంతా అడుక్కి దిగి నీళ్లు తేరుకుంటాయి. నగరేశ్వరరావు మెట్లు తడుముకుంటూ దిగి కళ్లు తెరిచాడు. చెంబు కనబడలేదు. ఇసకలో సగం కూరుకుపోయిన గోనెసంచి కనబడింది. దాని మూతిని పగిలిన తిరగలి రాయికి కట్టేశారు. సంచి ఒక పక్క చిరిగి, ఆ చిరుగులోంచి నల్లటి గొట్టాలు రెండు పక్కపక్కన బయటికి చూస్తున్నాయి. వాటి ముందు చేపపిల్లలు ఆడుతున్నాయి.

 పక్కన నీళ్లు కదిలి బంగారురాజు దిగాడు. చూశాడు. వలలో చిక్కుకుంటే కోసుకోవడానికని మొలలో పెట్టుకునే చాకు తీసి, రాయికి కట్టిన తాడు మీద పెట్టాడు. నగరేశ్వరరావు అతని మణికట్టు పట్టుకున్నాడు. బంగారురాజు విదిలించాడు. ఈయన వదల్లేదు. ఇద్దరి ముక్కుల్లోంచీ బుడగలు బారులు కట్టి పైకి పోయాయి. ఊపిరి చాలక బంగారురాజు ముందు లేచాడు. చాకు అతని చేతిలోనే ఉంది. తాడు తెగలేదు.

"నీకు పిచ్చేటి బావా!" మెట్టు మీద చతికిలబడి దగ్గుతూ అన్నాడు బంగారురాజు. "అది నారాయణమూర్తిది. రెండు గొట్టాల తుపాకి ఈ పక్కన ఇంకెవడికున్నాది? తీసీసి ఠాణాలో పడీద్దుం. పాపం సోములుగాడు బయటపడతాడు."

నారాయణమూర్తి ఆ ఊళ్లో పెద్ద రైతు. గోడకి తగిలించిన తుపాకి పోయిందనీ, పాలేరు సోములు దొంగిలించి కొండవాళ్లకి చేరవేశాడనీ రెండు వారాల కింద ఫిర్యాదు పెట్టాడు. కూలి ధాన్యం పెంచమని అడగడానికి వెళ్లిన పాలేర్లలో సోములు ముందు నిలబడ్డవాడు. అందుకని ఊరు ఆ ఫిర్యాదును నమ్మనూ లేదు, కాదననూ లేదు. ఆ పూట నుంచీ సోములు లాకప్పులోనే ఉన్నాడు.

"నెమ్మదిగా మాటాడు," అన్నాడు నగరేశ్వరరావు రేవు వైపు చూసి. "తుపాకి పట్టుకుని గట్టెక్కితే ఇది ఎవడిదని అడుగుతారేటి ఈ రోజుల్లో? ఎవడి సేతిలో ఉన్నాదో సూస్తారు. దాన్లో తూటాలున్నాయో లేదో నీకు తెల్సేటి?"

"అయితే ఒగ్గీసి ఎల్లిపోదుమా?"

"సీలు ఇప్పీసిన సరుకు బేలుకి ఎవడైనా పూచీ పడతాడేటి? అదెలగున్నాదో అలగే ఉండాల. సంచీ, రాయీ, కట్టూ అన్నీ. తియ్యాల్సినోళ్లు ఒచ్చి, నలుగురు సూస్తండగా తియ్యాల."

"ఎవుల్ని పిలుస్తావు?"

నగరేశ్వరరావు తువ్వాలు అందుకున్నాడు. తల తుడుచుకుంటూ జాగా గుర్తుపెట్టుకున్నాడు. ఇటు చివరి మెట్టు, అవతలి గట్టున పాకకప్పు కొప్పు ఒక వరుస. అటు విరిగిన రేవు స్తంభం, దూరాన ఇటుకబట్టీ పొగగొట్టం ఒక వరుస. రెండు వరుసలూ కలిసిన చోట దిగితే సంచి. చెంబు ఎవరికీ దొరకలేదు. పెసరట్టు ఎవరూ తినలేదు.

*

సోమవారం కొట్టు తెరిచీ తెరవకముందే తవిటమ్మ వచ్చింది. సోములు పెళ్లాం. అరుగు కింద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటే తవిటమ్మా?"

"మావోడు ఒప్పీసుకున్నాడంట బాబూ. తుపాకి ఏట్లో ఉన్నాదని సెప్పీసినాడంట. లాకప్పులో ఎట్టిన రోజే అన్నాడంట. పోయిన వారం ఎస్సై బాబు నారాయణమూర్తి బాబింట్లో బోయినం సేస్తా ఈ మాట సెప్పినాడని ఆళ్ల వంటమనిసి అన్నాది. రేపో ఎల్లుండో పడవలెట్టి ఏరంతా ఎతికిస్తారంట. మావోడు దొంగ కాడు బాబూ. నువ్వొక్క మాట ఆ ఎస్సై బాబుతో..."

నగరేశ్వరరావు చేతిలో ఉన్న కొబ్బరితాడు చుట్ట కింద పెట్టాడు. నిన్న తన కళ్లతో చూసిన సంచి గుర్తొచ్చింది. సోములు ఏట్లో ఉందన్నాడు, ఏట్లోనే ఉంది. లెక్క సరిపోయింది. లోపల ఏదో బరువు దిగినట్టయింది ఆయనకి. దొంగ దొంగే అయినప్పుడు మధ్యలో షావుకారుకి పనేముంది? పోలీసులే వెతుక్కుంటారు, వాళ్లే తీసుకుంటారు.

"కనుక్కుంటాన్లే, ఎల్లు," అన్నాడు.

ఆమె వెళ్లలేదు. "కనుక్కుంటావా బాబూ?" అని మళ్లీ అడిగింది. ఈసారి ఆయన తల మాత్రం ఊపాడు.

మధ్యాహ్నం ఎండ అరుగు మీదికి పాకే వేళకి కానిస్టేబులు ఒకడు సైకిలు దిగాడు. కొండల్లో గొడవలు మొదలయ్యాక గుంటూరు వైపు నుంచి ఎస్సైతో పాటు వచ్చినవాళ్లలో ఒకడు. చెమట తుడుచుకుంటూ తాడు కావాలన్నాడు.

"ఏటి తాడు కావాలి బాబూ?" అన్నాడు నగరేశ్వరరావు.

"ఏటి తాడు మాకెందుకయ్యా? బావికి. క్యాంపులో నీళ్లు తోడుకోవద్దూ?"

నగరేశ్వరరావు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"మీ ఊరి మాట ఇంకా పట్టుబడలేదు నాకు," అంటూ కానిస్టేబులు తనే నవ్వాడు. "అడిగినదానికల్లా ఏరు ఏరంటారు. నీకు పిల్లలెందరే అంటే ఏటి పిల్లలంటుందొకావిడ."

కొట్టు ముందునుంచి ఎడ్లబండి వెళ్లిపోయింది. నగరేశ్వరరావుకి ఆ మోత వినబడలేదు. సోములుని గోడకి నిలబెట్టి ఎస్సై అడిగి ఉంటాడు, తుపాకి ఎక్కడరా అని. ఆ ఊళ్లో పుట్టిన ఏ మనిషైనా ఏమంటాడు? *ఏటి తుపాకి బాబూ?* అంటాడు. ఏం తుపాకి అని. గుంటూరు చెవికి అది ఏట్లో ఉన్న తుపాకి.

అయితే సోములు ఒప్పుకున్నదేమీ లేదు. మరి తుపాకి నిజంగా ఏట్లోకి ఎలా వచ్చింది?

"ఏవయ్యా, ఈ నీలం తాడేంటి? గట్టిదేనా?" కానిస్టేబులు నైలాన్ చుట్ట లాగి చూస్తున్నాడు.

"కొత్త సరుకు. కుళ్లదు." ఆయన చేతులు అలవాటు కొద్దీ పని చేసుకుపోతున్నాయి. కావలసినంత కొలిచి కోశాడు. నైలాన్ కొస వదిలేస్తే పోగులు విచ్చుకుంటుంది. అందుకని కొవ్వొత్తి వెలిగించి, కొస కరగబెట్టి, వేడి మీదనే ఇత్తడి తూనికరాయితో అదిమాడు. చింతగింజలా చదునుగా, నల్లగా అతుక్కుంది. ఇది ఆయన సొంత పద్ధతి. సాలూరులో ముడి వేసి ఇస్తారు.

రాయి ఎత్తి ఆ చదును కొస చూసేసరికి గుర్తొచ్చింది. నిన్న మడుగు అడుగున, సంచి మూతి దగ్గర, నీలంగా ఒక తోక నీళ్ల ఊపుకి ఆడింది. చూశాడు గానీ తూచలేదు.

నైలాన్ చుట్ట బంగారురాజు లారీలో వచ్చింది సోములుని పట్టుకుపోయిన తరవాత. మొదటి ముక్క కొనుక్కున్నది నారాయణమూర్తి, స్వయంగా, నూతి చేదకని. ఆ తరవాత ఈ కానిస్టేబులు దాకా ఇంకెవరూ కొనలేదు. కొత్త వస్తువంటే ఊళ్లో అంత నమ్మకం.

అంటే సోములు ఏట్లో పారేశానన్నాడని భోజనాల దగ్గర విన్నాడు నారాయణమూర్తి. ఆ మాటకి సరిపోయేలా, అప్పటిదాకా ఇంట్లో దాచిన తుపాకిని తెచ్చి ఏట్లో పెట్టాడు. ఏటి వాలుకి కొట్టుకుపోకుండా రాయికి కట్టి మరీ పెట్టాడు, వెతికేవాళ్లకి దొరకాలి గనక.

సోమవారం దీపాలు పెట్టేవేళకే నగరేశ్వరరావుకి ఈ లెక్కంతా తేలిపోయింది. ఆఖరి బస్సు ఇంకా ఉంది. తాలూకా ఊరికి పోయి తాసీల్దారు ఇంటి తలుపు తట్టవచ్చు. ఆయన కొట్టు తలుపు చెక్కలు ఒక్కొక్కటీ పెడుతూ రెండో వైపు లెక్క మొదలుపెట్టాడు. ఊళ్లో సగం భూమి నారాయణమూర్తిది. తక్కిన సగం రైతులు ఆయన మాట కాదనరు. తాళ్లు కొనేది వాళ్లే. పైగా నీలం తోక తాను సరిగా చూశాడో లేదో. రేపు ఇంకోసారి దిగి చూసుకుని, అప్పుడు.

"తెల్లారనీ," అనుకున్నాడు. చివరి చెక్క బిగించాడు.

*

మంగళవారం తెల్లారుతూనే ఒక్కడే దిగాడు. రెండు వరుసలు కలిసిన చోట. చేతులు వెనక్కి కట్టుకున్నట్టు ఒంటికి ఆన్చి పెట్టుకుని, సంచి దగ్గరికి మొహం తీసుకెళ్లాడు. నీలం తాడు. తోక చివర చింతగింజంత చదును. ఇక చాలు.

పైకి తేలి నీళ్లు విదిల్చుకునేసరికి మెట్ల మీద నారాయణమూర్తి నిలబడి ఉన్నాడు. నోట్లో పందుంపుల్ల, భుజాన తువ్వాలు.

"ఏటి షావుకారూ, ఇయ్యాల ఆదివారం కాదు గదా?"

"చెంబు పోయింది బాబూ. పెళ్లాం ఊరుకోటం లేదు."

"దొరికిందా?"

"లేదు బాబూ."

నారాయణమూర్తి పుల్ల నమిలి ఊశాడు. కిందికి ఇంకో మెట్టు దిగాడు. "పోలీసులు ఇక్కడే ఎతుకుతారంట. సోములుగాడు ఏట్లో పారేశానన్నాడు గదా. నీలాటి మునకగాడికి అగుపడితే ఆళ్లకి పని తగ్గుతాది. కనబడిందనుకో, భయపడకు. పైకి లాగీసి మా ఇంటికి తెచ్చీ. నాది నాకు తెలీదేటి? నేనే ఠాణాకి పంపుతాను. నీ పేరు కూడా రానివ్వను."

నగరేశ్వరరావు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పైకి రావాలంటే ఆయన పక్కనుంచే రావాలి. 

"ఏటి ఉంటాది బాబూ అడుగున," అన్నాడు. "ఇసక."

"సూడు మరి. బాగా సూడు."

ఆయన తువ్వాలు సర్దుకుని గట్టెక్కి వెళ్లిపోయేదాకా నగరేశ్వరరావు కదల్లేదు. తరవాత తడి పంచెతోనే పోయి, లారీలో నిద్రపోతున్న బంగారురాజుని లేపాడు. లారీని రేవు దగ్గరకి తీసుకెళ్లి చక్రం విప్పి కూర్చోమన్నాడు. ఎవరూ మడుగులోకి దిగకుండా చూడమన్నాడు.

"నానేటి, కాపలా కుక్కనా?"

"ఇయ్యాల్టికి," అన్నాడు నగరేశ్వరరావు, మొదటి బస్సు వైపు నడుస్తూ.

తాసీల్దారు విజయనగరం మనిషి. పాతికేళ్లు ఆ చుట్టుపక్కలే ఉద్యోగం చేసినవాడు. చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు దాన్ని ముట్టుకోలేదా?"

"ముట్టుకుంటే నా సరుకైపోతాది బాబూ. మీరూ ఎస్సైగారూ ఇద్దరూ ఉన్నప్పుడే పైకి రావాలి. సంచి విప్పకూడదు, కట్టు కొయ్యకూడదు. తిరగలి రాయితో సహా రావాలి. అంతవరకే నా మనవి."

"కట్టులో ఏముంది?"

"పైకొచ్చాక చెప్తాను."

తాసీల్దారు ఆయన్ని ఒక క్షణం తేరిపార చూసి, జీపు తెమ్మన్నాడు.

*

ఎండ వాలేవేళకి రేవంతా జనం. ఎస్సై మెట్ల మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. నారాయణమూర్తి తెల్లటి లాల్చీ వేసుకుని వచ్చాడు, తన వస్తువు గుర్తుపట్టడానికి. సోములుని జీపులో తెచ్చారు. ఎడమచేతికి బేడీ ఉంది. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. తవిటమ్మ దూరంగా జనం చివర కూలబడింది.

నగరేశ్వరరావు, బంగారురాజు మోకు పట్టుకుని దిగారు. రాయి కిందనుంచి మోకు దూర్చి, సంచికి చెయ్యి తగలకుండా ఉచ్చు వేశారు. పైనుంచి నలుగురు లాగారు. సంచి నీళ్లు కారుతూ మెట్టెక్కింది. నారాయణమూర్తి గొట్టాల వైపు చూసి, "నాదే," అన్నాడు. ఎస్సై చాకు తీశాడు.

"ఉండండి," అన్నాడు తాసీల్దారు. "ముందు ఉన్నదున్నట్టు రాయించండి."

"ఇంకా రాసేదేముందండీ? వీడే చెప్పాడుగా. మొదటి రోజే చెప్పాడు, ఏటి తుపాకి అని. ఏట్లోనే దొరికింది. ఎక్కడ పడేశాడో చెప్పకుండా ఇన్నాళ్లు ఏడిపించాడు."

నగరేశ్వరరావు తల తుడుచుకుంటున్న తువ్వాలు దించాడు.  "ఒరే సోములూ, ఆ రోజు ఎస్సై బాబు తుపాకి ఎక్కడరా అంటే నువ్వేటన్నావు? ఆ మాట అలగే సెప్పు."

సోములు నేల చూపులు ఎత్తలేదు. "ఏటి తుపాకి బాబూ అన్నాను. ఏటి తుపాకి, నాకేటి తెల్దు అన్నాను. అంటంటే కొట్టినారు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెంటనే చచ్చిపోయింది. తాసీల్దారు పెన్ను మూత పెట్టి ఎస్సై వైపు తిరిగాడు. "మీ వైపు ఏం తుపాకి అంటారు కదండీ? ఇక్కడ దాన్ని ఏటి తుపాకి అంటారు. పుట్టినప్పటి నుంచీ అంతే."

ఎస్సై మొహం ఎర్రబడింది. "అయితే మాత్రం? తుపాకి ఏట్లోనే ఉందిగా!"

"సోములు చెప్పాడని మీరనుకున్న మాట, మీరు ఎవరెవరికి చెప్పారు?"

 ఎస్సై కళ్లు అతన్ని అడక్కుండానే తెల్లటి లాల్చీ వైపు వెళ్లాయి.

"బాబూ, ఈ తాడు నా కొట్టులోది," అన్నాడు నగరేశ్వరరావు. ఇప్పుడు ఆగితే ఇంకెప్పుడూ చెప్పలేనని ఆయనకి తెలుసు. "కొస ఇలా అదిమేది నేనొక్కడినే. నిన్న మీ కానిస్టేబులుకి కోసిన ముక్క క్యాంపు బావి దగ్గరుంటాది, పక్కన పెట్టి చూసుకోండి. ఈ చుట్ట ఊళ్లోకి వచ్చేసరికే సోములు లాకప్పులో ఉన్నాడు."

"నా లారీలోనే ఒచ్చింది," అన్నాడు బంగారురాజు. "ఆ రోజు ఠాణా ముందు లారీ ఆపి టీ తాగినాను. లోపల ఈడి కేకలు ఇన్నాను."

"నిన్నటికి ముందు ఈ తాడు ఎవరికి అమ్మావు?" తాసీల్దారు అడిగాడు.

నగరేశ్వరరావు నారాయణమూర్తి మొహంలోకి చూశాడు. "నారాయణమూర్తి బాబుకి. నూతి చేదకన్నారు."

నారాయణమూర్తి ఏదో అనబోయాడు. "నాకు... కొండోళ్లు... తుపాకి కోసం నా ఇంటి మీద పడతారని..." అంటూ తడి మెట్టు మీద కూర్చుండిపోయాడు. లాల్చీ తడిసిపోయింది. ఆయన్ని లేవదియ్యడానికి ఎవరూ ముందుకి రాలేదు. వెనక్కీ పోలేదు.

*

నారాయణమూర్తి లైసెన్సు రద్దయింది. భయంతో చేశాడని ప్లీడరు గట్టిగా చెప్పడంతో అంతకుమించి పెద్దగా ఏమీ కాలేదు. ఎస్సై ఎక్కడికో బదిలీ అయ్యాడు. రైతులు తాళ్ల కోసం కళింగపట్నం వెళ్లడం మొదలుపెట్టారు. ఎదురుపడితే పలకరిస్తారు గానీ అరుగెక్కరు. గజపతినగరం సంతకి తాళ్లు పంపితే ఏమైనా గిట్టుతుందేమోనని బంగారురాజుతో మాట్లాడుతున్నాడు నగరేశ్వరరావు.

అలాంటి ఒక పొద్దున్న సోములు, తవిటమ్మ వచ్చారు. తవిటమ్మ చేటలో ఆనపకాయలు తెచ్చి అరుగు మీద పెట్టింది. గేదెకి పలుపు కావాలన్నారు. నగరేశ్వరరావు మంచి పలుపు తీసి, సోములు చేతికి అందించాడు. సోములు కుడిచెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని ఎడమచేత్తో అందుకున్నాడు.

కుడిచేతి వేళ్లు రెండు కర్రపుల్లల్లా నిలబడి ఉన్నాయి.

"అవేట్రా?"

"ఇరిసీసినారు బాబూ. ఏట్లో ఏ పక్కన పారీసినావో సెప్పమని. మడత పడవు ఇంక."

"ఎప్పుడు?"

"సోమారం రేతిరి. అప్పుటిదాకా కర్రల్తోనే కొట్టీవోరు."

తవిటమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆ మర్నాడే నువ్వు దేవుడిలాగ ఒచ్చినావు బాబూ. లేకపోతే అన్నీ ఇరిసీసుదురు."

నగరేశ్వరరావు ఆనపకాయలు ఒక్కొక్కటీ తీసి లోపల పెట్టాడు. ఖాళీ చేట ఆమెకి తిరిగిచ్చాడు.  వాళ్లిద్దరూ బజారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. సోములు పలుపుని ఎడమ భుజాన వేసుకున్నాడు.

సోమవారం ఆఖరి బస్సు కొట్టు ముందునుంచే వెళ్లింది. చెయ్యెత్తితే ఆగేది.

ఆ తరవాత ఆయన ఈ లెక్క చాలాసార్లు వేశాడు. పోయిన గిరాకీ ఒక పక్క, పోయిన భయం ఒక పక్క పెట్టి చూశాడు. ఎన్నిసార్లు వేసినా కింద ఒకటే మిగిలేది. మనిషి ఇల్లు చేరాడు, ఎనిమిది వేళ్లతో.